హేతువు లేని హేతువాద పాఠం

ప్రస్తావన

చరిత్ర ప్రధానాంశంగా చదివే డిగ్రీ విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దిన అధ్యాపకులెవరికైనా ఈ తరహా వాక్యం కంఠస్థమై ఉంటుంది: “వోల్టేర్, రూసో, మాంటెస్క్యూ మొదలైన తత్త్వవేత్తల రచనల వలన ప్రజలలో చైతన్యం కలిగింది, తత్ఫలితంగా 1789లో ఫ్రెంచి విప్లవం సంభవించింది.” ఈ వాక్యంలో పేర్లున్నాయి, సంవత్సరం ఉంది, కార్యకారణ సంబంధం ఉన్నట్టు కూడా కనిపిస్తుంది. కనుక మార్కులు పడతాయి. ఏ రచన, దానిని ఎవరు చదివారు, చదివినవారు ఏమి చేశారు, ఈ సంగతులు మనకు ఏ ఆధారంతో తెలుసు అన్న ప్రశ్నలలో ఒక్కటి కూడా ఆ విద్యార్థికి మూడేళ్ళలో ఎదురుకాదు. హేతువును ప్రమాణంగా నిలిపిన తత్త్వవేత్తలను గురించి అతడు నేర్చుకున్నదంతా హేతువుతో నిమిత్తం లేకుండానే నేర్చుకున్నాడు.

న్యాయశాస్త్రం పరార్థానుమానానికి ఐదు అవయవాలు చెప్పింది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. ‘కొండ మీద నిప్పు ఉంది’ అన్నది ప్రతిజ్ఞ. ‘పొగ ఉన్నందువల్ల’ అన్నది హేతువు. ఎదుటివాడిని ఒప్పించవలసిన భారమంతా ఈ రెండవ అవయవం మీదనే ఉంటుంది. మన హేతువాద పాఠంలో ప్రతిజ్ఞ ఉంది, నిగమనం ఉంది. నడుమ ఉండవలసిన హేతువే లోపించింది. పాఠం పేరులోనే ఉన్న వస్తువు పాఠంలో లేకపోవడం చిన్న లోపం కాదు.

ఈ వ్యాసం చేసే వాదం ఒక్కటే. హేతువు మహాపురుషుల సద్గుణం కాదు. ఆధారాలను పరీక్షించే ఒక క్రమశిక్షణ. కనుక చరిత్ర విద్యార్థికి ఆ తత్త్వవేత్తలను ఆరాధ్యుల పట్టికగా కాక, వారు నెగ్గిన వాదాలతోపాటు వారు మోసపోయిన సందర్భాలతో సహా బోధించాలి. ఇందుకు వోల్టేర్ జీవితం నుంచి ఒకే దశకానికి చెందిన రెండు ఉదంతాలను ప్రతిపాదిస్తున్నాను. ఒక దానిలో ఆయన సాక్ష్యాన్ని సరిగా తూచాడు. రెండవ దానిలో దారుణంగా పొరబడ్డాడు. ఈ రెండవ ఉదంతానికి తెలుగునేలతో సంబంధం కూడా ఉంది. పాఠం విద్యార్థికి చేరేది తెలుగు వాక్యంగా కనుక ఆ వాక్యం బాగోగులు విచారించడం తెలుగు శాఖల పని కూడా అవుతుంది.

‘వలన’ మోస్తున్న భారం

పైన ఉదాహరించిన వాక్యంలో బరువంతా ‘వలన’ అనే పంచమీ విభక్తి ప్రత్యయం మీద ఉంది. ‘రచనల వలన విప్లవం’ అనగానే కారణం చెప్పినట్టే అనిపిస్తుంది. వ్యాకరణం దృష్ట్యా అందులో దోషం లేదు. చరిత్ర దృష్ట్యా మాత్రం అది రుజువు కావలసిన ప్రతిపాదన.

మాంటెస్క్యూ 1755లో మరణించాడు. వోల్టేర్, రూసో ఇద్దరూ 1778లో కొద్ది వారాల తేడాతో మరణించారు. డిడెరో 1784లో కన్నుమూశాడు. బాస్టీల్ పతనాన్ని చూసినవాడు వీరిలో ఒక్కడూ లేడు. మాంటెస్క్యూ ఆదర్శం అధికారాల మధ్య సమతూకం గల రాజరికమే తప్ప రాజును తొలగించడం కాదు. వోల్టేర్‌కు సామాన్య జనం చేతికి అధికారం రావడం పట్ల నమ్మకం తక్కువ. మరి వీరి రచనలు విప్లవాన్ని ఎలా తెచ్చాయి? ఫ్రెంచి సాహిత్య చరిత్రకారుడు దానియెల్ మోర్నే 1910లో ఈ ప్రశ్నకు లెక్కలతో సమాధానం వెదికాడు. 18వ శతాబ్ది నాటి 500 వ్యక్తిగత గ్రంథాలయాల జాబితాలు పరిశీలించాడు. 1762లో వెలువడిన రూసో ‘సామాజిక ఒప్పందం’ వాటన్నిటిలో ఒకే ఒక్క చోట కనిపించింది. ఆ జాబితాలు ప్రధానంగా వేలం కోసం తయారైనవి కనుక నిషిద్ధ గ్రంథాల పేర్లు వాటిలో చేరకపోయి ఉండవచ్చునని తరవాతి పరిశోధకులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ సమంజసమే. కాని ఈ వాదప్రతివాదాలలోనే ‘వలన’ అన్న మాట ఎంత బరువైనదో విద్యార్థికి తెలుస్తుంది.

1990లో రోజే షార్తియే ఈ సమస్యను తలకిందులు చేసి చూపాడు. తత్త్వవేత్తలు విప్లవాన్ని తెచ్చారనడం కంటే, తనకు పూర్వికులు కావలసి వచ్చిన విప్లవమే కొందరు రచయితలను ఎంచి, వారిని ఒక్క గుంపుగా కూర్చిందా అన్నది ఆయన ప్రశ్న. వోల్టేర్ అస్థికలను 1791లో, రూసో అస్థికలను 1794లో పాంథియన్‌కు ఊరేగింపుగా తరలించింది విప్లవ ప్రభుత్వాలే. బతికినంతకాలం ఒకరినొకరు సహించలేని ఆ ఇద్దరూ మరణానంతరం ఒకే కప్పు కిందికి చేరారు. మన పాఠ్యగ్రంథంలోని ‘వోల్టేర్, రూసో’ అనే ద్వంద్వసమాసం ఆ ఊరేగింపుల వారసత్వమే.

‘హేతువాద తత్త్వవేత్తలు’ అనే గంపగుత్త పేరు కూడా విచారణకు నిలవదు. శాస్త్రాలు, కళలు పెరగడం వల్ల మానవుడి నీతి మెరుగుపడలేదని 1750 నాటి వ్యాసంలో వాదించినవాడు రూసో. హేతువు తనంతట తాను మనిషి చేత ఏ పనీ చేయించలేదనీ, మనిషిని నడిపేవి రాగద్వేషాలేననీ చెప్పినవాడు హ్యూమ్. హేతువు పరిధి ఎంతవరకు అని విచారించి హద్దులు గీసినవాడు కాంట్. హేతువును గురించి వీరు చేసిన పెద్ద పని దానిని కీర్తించడం కాదు, దానిని కూడా ప్రశ్నించడం. మన పాఠం ఆ ప్రశ్నలను తీసివేసి కీర్తనను మాత్రం మిగుల్చుకుంది.

తులూజ్ ఉదంతం: తూచిన సాక్ష్యం

ఇప్పుడు మొదటి ఉదంతం. ఫ్రాన్సులో తులూజ్ నగరంలో జాఁ కలాస్ అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. క్యాథలిక్కులు అధికసంఖ్యాకులైన ఆ నగరంలో అతడి కుటుంబం ప్రొటెస్టెంటు. 1761 అక్టోబర్ 13 రాత్రి అతడి పెద్ద కొడుకు మార్క్ ఆంత్వాన్ ఇంటి కింది భాగంలోని దుకాణంలో శవమై కనిపించాడు. ఎవరో చంపారని కుటుంబం మొదట చెప్పింది. తరవాత ఉరి వేసుకుని ఉండగా చూశామని మాట మార్చింది. ఆత్మహత్య చేసుకున్నవారి శవాన్ని వీధుల్లో ఈడ్చే శిక్ష అప్పుడు అమలులో ఉండేది. ఆ అవమానానికి భయపడి అబద్ధమాడామని వారి వివరణ. అయితే కొడుకు క్యాథలిక్ మతంలో చేరబోతున్నాడని తండ్రే చంపాడన్న వదంతి అప్పటికే నగరమంతా పాకింది. మృతుడిని మతవీరుడిగా అంత్యక్రియలతో సాగనంపారు. సాక్షులు ముందుకు రావాలని చర్చిలలో చదివించిన ప్రకటన తండ్రి నేరం చేశాడన్న ఊహతోనే రూపొందింది. తులూజ్ న్యాయస్థానం 1762 మార్చి 9న కలాస్‌కు మరణశిక్ష విధించింది. మరునాడు చిత్రహింసలు పెట్టి, చక్రానికి కట్టి ఎముకలు విరిచి చంపారు. చివరి శ్వాస వరకు అతడు నేరం ఒప్పుకోలేదు.

జెనీవా సమీపంలోని ఫెర్నేలో ఉన్న వోల్టేర్‌కు ఈ వార్త చేరింది. ఇక్కడ పాఠ్యగ్రంథం సాధారణంగా ఒక వాక్యం రాస్తుంది: ‘మతమౌఢ్యంపై వోల్టేర్ ధ్వజమెత్తాడు.’ వాస్తవానికి ఆయన వెంటనే ధ్వజమెత్తలేదు. మతోన్మాదంతో తండ్రి కొడుకును చంపాడా, మతోన్మాదంతో న్యాయమూర్తులు తండ్రిని చంపారా అన్నది ఆయనకు మొదట తేలలేదు. రెండింటిలో ఏది నిజమైనా ఘోరమేనని ఆయనకు తెలుసు. నిజం తెలుపవలసిందిగా తెలిసినవారికి ఉత్తరాలు రాశాడు. జెనీవాలో ఉన్న కలాస్ చిన్న కొడుకు దొనాను పిలిపించి స్వయంగా ప్రశ్నించాడు. ఆ తరవాతనే ఒక నిశ్చయానికి వచ్చాడు. చరిత్ర విద్యార్థికి ధ్వజం కంటే ఈ జాగు ఎక్కువ విలువైనది.

ఆయన వాదం ఎంత నిరాడంబరమైనదో చూడండి. 28 ఏళ్ళ దృఢకాయుడైన కొడుకును వృద్ధుడైన తండ్రి ఒంటరిగా ఉరి తీయలేడు. ఆ రాత్రి ఇంట్లో ఉన్నవారు ఐదుగురు: తండ్రి, తల్లి, మరో కొడుకు పియేర్, అతిథిగా వచ్చిన లవేస్ అనే యువకుడు, పనిమనిషి. వారు సాయంత్రమంతా కలిసే ఉన్నారు. హత్యే జరిగి ఉంటే అందరూ దోషులు కావాలి, లేదా ఒక్కరూ దోషి కారాదు. పనిమనిషి నిష్ఠగల క్యాథలిక్. ఆ ఇంటిలోనే మరో కొడుకు క్యాథలిక్ మతంలోకి మారడానికి ఆమె తోడ్పడింది. మతం మారబోతున్నాడన్న కారణంతో ఇంకొక కొడుకును చంపడానికి ఆమె సాయపడిందా? న్యాయస్థానం తండ్రిని చంపి, పియేర్‌కు బహిష్కార శిక్ష విధించి, మిగిలినవారిని విడిచిపెట్టింది. తీర్పు తనను తానే ఖండించుకుంది. ఈ వాదంలో పాండిత్య ప్రదర్శన లేదు. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరికి ఏది సాధ్యం అన్న లెక్క మాత్రమే ఉంది. 1763లో వోల్టేర్ సహనాన్ని గురించిన గ్రంథం ప్రకటించాడు. 1764లో రాజమండలి పాత తీర్పును కొట్టివేసింది. 1765 మార్చి 9న, మరణశిక్ష విధించి సరిగ్గా మూడేళ్ళు నిండిన రోజున, కలాస్‌ను నిర్దోషిగా ప్రకటించారు.

ఇంతటితో ఆపితే మళ్ళీ ఆరాధనే అవుతుంది. వోల్టేర్ తన గ్రంథంలో కలాస్ వయసు 68 అని రాశాడు. కలాస్ 1698లో పుట్టాడు. మరణించేనాటికి 63 ఏళ్ళు. ఐదేళ్ళు ఎక్కువ చెప్పడం పొరపాటా, వాదానికి బలం చేకూర్చే అతిశయోక్తా? ఆ ఐదేళ్ళు తీసివేస్తే వాదం నిలుస్తుందా? నిలుస్తుందని నా అభిప్రాయం. ఐదుగురి లెక్క వయసు మీద ఆధారపడదు. విద్యార్థి నాతో విభేదించవచ్చు. విభేదిస్తే కారణం చెప్పాలి. ఆ కారణం చెప్పే పది నిమిషాలే అసలు హేతువాద పాఠం.

‘ఎజూర్‌వేదం’: తూచని సాక్ష్యం

రెండవ ఉదంతం దాదాపు అదే కాలానిది. భారతదేశం నుంచి 1760లో తిరిగివచ్చిన మొదావ్ అనే ఫ్రెంచి అధికారి వోల్టేర్‌కు ‘ఎజూర్‌వేదం’ అనే ఫ్రెంచి రాతప్రతిని ఇచ్చాడు. పేరు యజుర్వేదానికి వికృతి. వ్యాసుడికీ సుమంతుడికీ నడుమ సంవాద రూపంలో నడిచే ఈ గ్రంథంలో సుమంతుడు పురాణగాథలను, విగ్రహారాధనను ఖండించి ఏకేశ్వరుణ్ణి ప్రతిపాదిస్తాడు. వోల్టేర్ దీనిని అలెగ్జాండర్ దండయాత్రకు పూర్వపు ప్రాచీన గ్రంథంగా భావించి, 1761లో పారిస్‌లోని రాజ గ్రంథాలయానికి బహూకరించాడు. బైబిలు కంటే ప్రాచీనమైన నిర్మల ఏకేశ్వరవాదం భారతదేశంలో ఉండేదని చూపడానికి తన రచనలలో దానిని పదేపదే సాక్ష్యంగా నిలిపాడు. 1778లో ఈ గ్రంథం అచ్చయింది.

1782లో ప్రకటించిన తన యాత్రాగ్రంథంలో సొన్నెరా అనే ప్రకృతిశాస్త్రజ్ఞుడు, ఇది వేదం కాదనీ, మచిలీపట్నంలో ఒక మిషనరీ రచించిన వాదగ్రంథమనీ రాశాడు. అప్పటికి వోల్టేర్ జీవించి లేడు. క్రైస్తవాన్ని బోధించడానికి రంగం సిద్ధం చేసే ఉద్దేశంతో మతప్రచారకులు కూర్చిన గ్రంథాన్ని, చర్చికి పరమ విరోధి అయిన వోల్టేర్ చర్చికి వ్యతిరేకంగా ప్రయోగించాడు. తన ప్రత్యర్థులు తయారుచేసిన నకిలీ ఆయుధమని ఆయనకు తెలియదు.

ఎందుకు మోసపోయాడు? తెలివి చాలక కాదు. తులూజ్ విషయంలో ‘నాకు ఇంకా తెలియదు’ అని ఆగిన మనిషి ఇక్కడ ఆగలేదు. ఆ గ్రంథం చెప్పే మాట ఆయనకు కావలసిన మాట. ‘ఇందులోని సిద్ధాంతం నిర్మలం, కనుక ఇది ప్రాచీనం’ అన్నది ఆయన అనుమానం. ప్రాచీనతకూ నిర్మలత్వానికీ వ్యాప్తి ఏమిటి? నైయాయికులు ఇటువంటిదాన్ని హేత్వాభాస అంటారు. హేతువులా కనిపిస్తుంది, హేతువు కాదు. పురాణాలు చదివిన ఏ తెలుగు విద్యార్థి అయినా ఇక్కడ అడగగల ప్రశ్న ఒకటుంది: వేదకాలానికి చేరువదని చెప్పే గ్రంథం, ఎంతో తరవాత రూపుదిద్దుకున్న పురాణ మతాన్ని ఎలా ఖండిస్తుంది? పారిస్‌లో ఎవరికీ తట్టని ఈ ప్రశ్న మన తరగతిలో వెనుక బల్ల మీది విద్యార్థికి తట్టగలదు. తట్టే అవకాశం మనం ఇవ్వాలి.

ఇంకొక సంగతి ఈ ఉదంతాన్ని మరింత బోధప్రదం చేస్తుంది. తెలుగు ప్రాంతాలలో పనిచేసిన కాల్‌మెత్ అనే జెసూట్ 1730ల నాటికే నిజమైన వేదాల రాతప్రతులు సంపాదించి పారిస్‌కు పంపాడు. అసలు వేదం, నకిలీ వేదం రెండూ ఒకే రాజ గ్రంథాలయం చేరాయి. అసలుది చదివి అర్థం చేసుకోగలవారు అక్కడ లేరు. నకిలీది ఫ్రెంచిలో సుబోధకంగా ఉంది. మూలభాష తెలియనివాడికి అనువాదమే మూలమై కూర్చుంటుందనడానికి ఇంతకంటే మంచి నిదర్శనం చరిత్ర అధ్యాపకుడికి దొరకదు.

మోసాన్ని సమగ్రంగా బయటపెట్టిన వ్యక్తి మనకు పరాయివాడు కాడు. మద్రాసులో ఉద్యోగం చేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ పుదుచ్చేరిలో ఈ గ్రంథం మూలప్రతిని, అటువంటివే మరికొన్ని కృత్రిమ వేదాలను పరిశీలించి వ్యాసం రాశాడు. అది ఆయన మరణానంతరం 1822లో ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ పద్నాల్గవ సంపుటంలో వెలువడింది. ఈ ఎల్లిసే 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి చేర్చిన పీఠికలో తెలుగు సంస్కృతజన్యం కాదనీ, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబానికి చెందినదనీ ధాతువుల పట్టికలతో నిరూపించాడు. అక్కడ మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ను కూడా ఆధారం చేసుకున్నాడు. రెండు చోట్లా ఆయన పద్ధతి ఒక్కటే: పేరును, ప్రతిష్ఠను పక్కనపెట్టి, పాఠాన్ని పక్కపక్కన పెట్టి చూడడం. అయితే ఎల్లిస్ కూడా ప్రమాదాతీతుడు కాడు. కృత్రిమ వేదాల కర్తృత్వాన్ని 17వ శతాబ్దికి చెందిన రాబర్ట్ డి నొబిలీకి అంటగట్టాడు. ఆ ఊహను తరవాతి పరిశోధకులు అంగీకరించలేదు. కర్త ఎవరన్నది నేటికీ వివాదమే. వోల్టేర్‌ను సొన్నెరా, సొన్నెరాను ఎల్లిస్, ఎల్లిస్‌ను తరవాతివారు సవరించిన ఈ వరుసలో హేతువు నివాసం ఏ ఒక్కరి బుర్రలోనూ లేదు. ఒకరి తప్పును మరొకరు చూపగలిగిన స్థితిలో ఉంది.

కీర్తికి వెలుపలి పుటలు

తత్త్వవేత్తల లోపాలు చెప్పడం వారిని కించపరచడమన్న భావన మన బోధనలో బలంగా ఉంది. ‘ఎవరికి వారు ఆలోచించే ధైర్యం చేయాలి’ అన్న అర్థంలో కాంట్ 1784లో రాసిన వ్యాసాన్ని మనం చెబుతాం. కాని అదే కాంట్ 1764 నాటి గ్రంథంలో, ఒక నల్లజాతి మనిషి చెప్పిన మాటను అతడి ఒంటి రంగును చూపి మూర్ఖమని కొట్టివేశాడు. మాటను మాటగా కాక, చెప్పినవాడి పుట్టుకను బట్టి తూచడం హేతువుకు నూటికి నూరుపాళ్ళు విరుద్ధం. కులాన్ని బట్టి మాటకు విలువ కట్టిన సమాజంలో చదువుకుంటున్న మన విద్యార్థికి ఈ పుట చూపకుండా దాచడం ఏ న్యాయం? ప్రభుత్వం పాలితుల అంగీకారం మీద నిలవాలని వాదించిన జాన్ లాక్‌కు బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలున్నాయి. ఇదీ పాఠంలో భాగమే కావాలి.

అలాగని ఈ పుటలు చూపి ఆ యుగాన్నంతా తోసిపుచ్చడం మరొక సోమరితనం. అదే హేతువును పట్టుకుని 1781లో కొందోర్సే బానిసత్వాన్ని నేరంగా నిరూపించాడు. 1790లో స్త్రీలకు పౌరహక్కు ఎందుకు నిరాకరిస్తున్నారో కారణం చెప్పమన్నాడు. 1791లో ఒలాంప్ ద గూజ్ స్త్రీల హక్కుల ప్రకటన రాసింది. 1792లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీవిద్య విషయంలో రూసో అభిప్రాయాలను రూసో పద్ధతిలోనే నిలదీసింది. 1791లో సాఁ దొమాంగ్‌లో బానిసలు తిరగబడ్డారు. వారి పోరాటం 1804లో హైతీ స్వాతంత్ర్యంగా ఫలించింది. ‘మానవులందరూ’ అన్న మాటలో తాము ఉన్నామా లేదా అని వారు అడిగారు. తత్త్వవేత్తలు ఇచ్చిన కొలబద్దతో తత్త్వవేత్తలనే కొలిచినవారు వీరు. ఈ పేర్లు లేని హేతువాద పాఠం సగం పాఠమే.

పూర్వపక్షాలు

ఇంతవరకు చెప్పినదానికి మూడు ఆక్షేపణలు రాగలవు.

మొదటిది: ‘మనకు సొంత తర్క సంప్రదాయం ఉండగా ఐరోపా వారి గొడవ ఎందుకు?’ మన సంప్రదాయాన్ని బోధించాలన్నది నిర్వివాదం. చార్వాకులను, నాగార్జునుణ్ణి, దిఙ్నాగుణ్ణి, నైయాయికులను చరిత్ర విద్యార్థి చదవాలి. ఈ వ్యాసం కూడా వారి పరిభాషతోనే నడిచింది. నా అభ్యంతరం ఒక్కటే: ఆరాధ్యులను మార్చి ఆరాధనను అలాగే ఉంచడం సంస్కరణ కాదు. ఉదాహరణకు, ఆంధ్రదేశంలోని ఒక కొండ మీద దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రచించాడని 7వ శతాబ్ది యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాశాడు. ఇది మనకు గర్వకారణంగా తోస్తుంది. గర్వకారణం కనుకనే దీనిని మరింత జాగ్రత్తగా తూచాలి. దిఙ్నాగుడి తరవాత చాలాకాలానికి వచ్చిన యాత్రికుడు విన్న స్థలపురాణం ఎంతవరకు సాక్ష్యం? మనకు నచ్చిన ఆధారానికి మినహాయింపు ఇచ్చిన క్షణంలో ‘ఎజూర్‌వేదం’ పట్టుకున్న వోల్టేర్ పక్కన మనమూ నిలబడతాం.

రెండవది: ‘ఇలా బోధిస్తే విద్యార్థికి దేని మీదా నమ్మకం మిగలదు.’ కలాస్ ఉదంతం దీనికి సమాధానం. అక్కడ సందేహంతో మొదలైన విచారణ నిశ్చయంతో ముగిసింది. ఒక కుటుంబానికి పోయిన గౌరవం తిరిగి వచ్చింది. సందేహించడం నేర్పడమంటే ఏదీ నమ్మవద్దని చెప్పడం కాదు. నమ్మడానికి ఎంత ఆధారం కావాలో తెలుసుకోమనడం. నిజానికి కంఠస్థం మీద పెరిగిన విద్యార్థే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. ఒక పేరున్న మనిషి చెప్పాడని ఒక మాట నమ్మినవాడు, మరొక పేరున్న మనిషి చెప్పాడని దానికి విరుద్ధమైన మాటనూ అంతే సులభంగా నమ్ముతాడు. ఫోనులోకి రోజూ వచ్చిపడే కల్పిత శాసనాలకు, కల్పిత సూక్తులకు అతడే మొదటి శ్రోత.

మూడవది అన్నిటికంటే బలమైనది: ‘సమయం లేదు; సిలబస్ పెద్దది; పరీక్షలో ఇవి రావు.’ ఈ ఇబ్బంది నిజం. ఖాళీ అధ్యాపక పోస్టుల మధ్య రెండు మూడు పేపర్లు ఒక్కరే బోధించే కళాశాలల స్థితి నాకు తెలియనిది కాదు. అయితే పది మంది తత్త్వవేత్తల మీద పది పేరాలు చెప్పే సమయంలో ఒక ఉదంతాన్ని క్షుణ్ణంగా విచారించవచ్చు. పరీక్షలో రాదన్నది కారణం కాదు, పరీక్ష మీద చేయవలసిన ఫిర్యాదు. కాంట్ తన వ్యాసంలో పరాధీన బుద్ధికి చూపిన మొదటి ఉదాహరణే తనకు బదులుగా ఆలోచించి పెట్టే పుస్తకం. పరీక్షకు ముందు బజారులో కొనుక్కునే గైడుకు ఇంతకంటే సరైన నిర్వచనం లేదు. ఆ గైడులోనే కాంట్ మీద ఐదు మార్కుల జవాబు కూడా ఉంటుంది.

ఉపసంహారం

కాంట్ ఆ వ్యాసం తనంతట తాను రాయలేదు. 1783 డిసెంబరులో బెర్లిన్ పత్రిక ఒకదానిలో జోల్నర్ అనే మతాచార్యుడు, వివాహ సంస్కారాల మీద రాస్తూ అధోజ్ఞాపికలో ఒక ప్రశ్న వేశాడు: అందరూ మాట్లాడుతున్న ఈ ‘జ్ఞానోదయం’ అంటే అసలేమిటి? ఆ ప్రశ్నకు మోజెస్ మెండెల్‌సోన్ ఒక సమాధానం, కాంట్ మరొక సమాధానం రాశారు. మన పాఠ్యగ్రంథాలు కాంట్ సమాధానాన్ని నిర్వచనంగా మార్చి, జోల్నర్ ప్రశ్నను తుడిచివేశాయి. ప్రశ్నను తిరిగి తరగతికి తీసుకురావడమే ఈ వ్యాసం కోరుతున్నది.

ఆచరణలో నా ప్రతిపాదనలు మూడు. ఒకటి, హేతువాద యుగానికి కేటాయించిన గంటలలో సగమైనా కలాస్, ఎజూర్‌వేదం వంటి ఒకటి రెండు ఉదంతాలకు ఇవ్వాలి; మూలపత్రాల భాగాలు తెలుగులో విద్యార్థి చేతికి రావాలి. ఆ అనువాదాల బాధ్యత తెలుగు, చరిత్ర శాఖలు కలిసి తీసుకోవాలి. రెండు, పాఠ్యగ్రంథ సంపాదకులు ‘చైతన్యపరిచారు’, ‘ధ్వజమెత్తారు’, ‘నాంది పలికారు’ వంటి క్రియలను ఏ ఆధారంతో వాడుతున్నారో ప్రతి చోటా సరిచూసుకోవాలి. ఆధారం లేని చోట ‘వలన’ను తొలగించాలి. మూడు, ప్రశ్నపత్రంలో ‘వోల్టేర్ సేవలను వివరించండి’ అన్న ప్రశ్న స్థానంలో ఇది ఉండాలి: ‘వోల్టేర్ కలాస్ విషయంలో ఎందుకు సరైన నిర్ణయానికి రాగలిగాడు, ఎజూర్‌వేదం విషయంలో ఎందుకు రాలేకపోయాడు? మీ సమాధానానికి ఆధారాలు చూపండి.’

ఈ ప్రశ్నకు గైడులో జవాబు దొరకదు. దొరికే రోజు వస్తే అప్పుడు ప్రశ్నను మళ్ళీ మార్చాలి.